వాట్లు కాదు, వెలుతురు చూడు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

హాల్లో ఎన్ని వాట్ల దీపాలు పెట్టించాలని అడిగావు. నాయనా, వాట్లు దీపం తినే కరెంటు లెక్క, ఇచ్చే వెలుతురు లెక్క కాదు. వెలుతురు లెక్క ల్యూమెన్లు, పెట్టె మీద అవి చూడు. పాత 60 వాట్ల బల్బు సుమారు 700 ల్యూమెన్లు ఇచ్చేది. మంచి 9 వాట్ల ఎల్‌ఈడీ అంతకు తగ్గదు.

పాత బల్బులో టంగ్‌స్టన్ తీగ దాదాపు 2,500 డిగ్రీలకు కాగితేనే వెలుగు. కరెంటులో నూటికి తొంభై పాళ్లకు పైగా వేడికే పోయేది. అయినా నా సంచిలో ఒక 100 వాట్ల బల్బు ఇప్పటికీ ఉంది. దాన్ని సిరీస్‌లో, అంటే కరెంటంతా దాని గుండానే పోయేలా కలిపి కొత్త లైనుకు కరెంటు ఇస్తే, ఎక్కడైనా షార్టు ఉంటే బల్బు నిండుగా వెలిగి చెబుతుంది. నీ వైర్‌మన్ చేత ఆ పరీక్ష చేయించు.

ట్యూబ్‌లైటులో వెలుగుకు మూలం పాదరసపు ఆవిరి. అందులోంచి కరెంటు పారితే అతినీలలోహిత కిరణాలు పుడతాయి, గొట్టం లోపలి తెల్లపూత వాటిని వెలుతురుగా మారుస్తుంది. ముందు గట్టిగా ఒక్క తోపు తోసేదీ, ఆ తర్వాత కరెంటు మితిమీరకుండా పట్టి ఉంచేదీ చోకే. సీఎఫ్‌ఎల్ దాని తమ్ముడు. పాత ఇంట్లోవి తీసేటప్పుడు పగలకుండా చూడు, రెండింటిలోనూ పాదరసమే.

ఇక ఎల్‌ఈడీ. నీలం వెలుగునిచ్చే చిప్పు, దాని మీద పసుపు పూత, రెండూ కలిసి తెలుపు. ఆ నీలాన్ని సాధించిన ముగ్గురికి 2014లో నోబెల్ ఇచ్చారు. అయితే ఎల్‌ఈడీ చల్లగా ఉంటుందన్న మాట నమ్మకు. వెలుగుతున్నప్పుడు మెడ దగ్గర చేయి పెడితే తెలుస్తుంది. ఆ వేడి బయటికి పోకపోతే చిప్పు కన్నా ముందే మెడలోని డ్రైవరు, అంటే కరెంటును చిప్పుకు తగ్గట్టు మార్చి ఇచ్చే సర్క్యూటు, చస్తుంది. ఒక ఇంట్లో అందం కోసం మూసిన గాజు గోళాల్లో పెట్టాను. ఏడాది తిరగకముందే వరుసగా ఆరిపోయాయి. కంపెనీని తిట్టుకున్నాను కానీ తప్పు నాదే.

స్విచ్చు ఆపినా ఎల్‌ఈడీ మిణుకుమంటుంటే, స్విచ్చు కరెంటు తెచ్చే ఫేజు తీగకు బదులు, అది తిరిగిపోయే న్యూట్రల్ తీగ మీద వేశారేమో ముందు చూడమను. దీపం మార్చడానికి ముట్టుకున్నవాడికి షాకు కొట్టే తప్పు అది.

వెలుగు రంగుకు కొలత కెల్విన్లు. పడకగదికి 3,000 కెల్విన్ల పసుపు వెలుగు, వంటింటికి 6,500 తెలుపు చాలు. హాలు సంగతి మీ ఆవిడనే అడుగు.

గృహప్రవేశానికి రెండు రోజుల ముందే వస్తాను. అప్పటిదాకా ఫాల్స్ సీలింగ్ వాళ్లను దీపాల వెనక దూది కుక్కనివ్వకు.

మీ పెదనాన్న