బోర్డు మీది ఆఫరు బిల్లులో పడాలంటే

ప్రశ్న: సార్, మాది కావలి. మా అమ్మాయి బీకాం కంప్యూటర్స్ చదివి, ఏడాది నుంచి నెల్లూరు ట్రంకురోడ్డులో ఒక బట్టల షోరూంలో బిల్లింగ్ చేస్తోంది. రోజూ రైల్లో వెళ్ళొస్తుంది. ఇప్పుడు వాళ్ళ మేనేజరు ‘క్యాంపెయిన్లు చూసుకునే పనికి మారతావా, జీతం రెండు వేలు పెంచుతాం’ అన్నాడట. ఆఫర్లన్నీ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, మొదలుపెట్టి, ఆపే పని అంటోంది. ఇది మార్కెటింగో కంప్యూటర్ పనో నాకు అర్థం కావడం లేదు. మా బావమరిది ఉద్యోగం మానిపించి బ్యాంకు కోచింగ్‌కి పంపమంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు నా మాట చెప్పేస్తాను, ఎందుకో తర్వాత చెప్తాను. మారమనండి. కాకపోతే ఊ అనేముందు మేనేజర్ని కొన్ని విషయాలు అడిగి తేల్చుకోవాలి, అవి చివర్లో రాస్తాను. బ్యాంకు గురించి తొందర పడాల్సిన పని లేదు. ప్రభుత్వ బ్యాంకు ఉద్యోగాలకి ఐబీపీఎస్ పెట్టే క్లర్కు పరీక్షకి 28 ఏళ్ళ దాకా, ఆఫీసరు పరీక్షకి 30 ఏళ్ళ దాకా వయసు పరిమితి ఉంది. నిన్నగాక మొన్న డిగ్రీ అయిన పిల్లకి ఆ దారి ఇప్పుడప్పుడే మూసుకుపోదు. ఉద్యోగం చేస్తూ రాయాలనుకున్నా రాసుకోవచ్చు.

ఇక ఇది ఏం పని అన్నది. మీకు అర్థం కాకపోవడంలో వింతేమీ లేదు, చాలా షాపుల్లో లోపలివాళ్ళకే ఇది ఎవరి పనో తెలీదు. ఓనరు ‘ఆషాఢంలో పాత స్టాకు మీద ఇరవై శాతం పెడదాం’ అంటాడు. ఫ్లెక్సీ వాడు ఫ్లెక్సీ కొట్టిస్తాడు. ఆటోలో మైకు తిరుగుతుంది. ఇవన్నీ నమ్మి వచ్చిన మనిషి చీర పట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడితే, ఆ ఇరవై శాతం బిల్లులో దానంతటది తగ్గాలి. పాత స్టాకు మీదే తగ్గాలి, కొత్తదాని మీద తగ్గకూడదు. చెప్పిన రోజు మొదలవ్వాలి, చెప్పిన రోజు ఆగాలి. ఇదంతా సరిగ్గా జరిగేట్టు చూసే పనే మీ అమ్మాయికి ఇస్తామంటున్నారు.

సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ఆఫరుకీ ఒక స్థితి ఉంటుంది. కంపెనీని బట్టి పేర్లు మారతాయి గానీ వరస ఇంచుమించు ఒకటే. డ్రాఫ్ట్‌లో రాసుకుంటారు, పైవాళ్ళు చూసి అప్రూవ్ చేస్తారు, తేదీ వచ్చేదాకా షెడ్యూల్‌లో ఉంటుంది, ఆ తర్వాత యాక్టివ్, మధ్యలో ఏదైనా తేడా వస్తే హోల్డ్, ఆఖరికి క్లోజ్. చదవడానికి అర నిమిషం పట్టదు. ఒకదాన్నుంచి ఇంకోదానికి జరిపే బటన్ ఎప్పుడు నొక్కాలో, నొక్కేముందు ఏం చూసుకోవాలో తెలియడమే ఇందులో ఉద్యోగం.

సలహాలు చెప్పే పనిలోకి రాకముందు నేను ఒంగోలులో ఒక బట్టల దుకాణంలో సిస్టమ్స్ చూసేవాణ్ణి. ఒక సంక్రాంతికి ‘కనుమ దాకా’ అని ఆఫరు పెట్టాం. ఆ ఏడు కనుమ జనవరి 16. సిస్టమ్‌లో ముగింపు తేదీ 16 అని నేనే కొట్టాను, టైము కొట్టలేదు. టైము ఖాళీగా వదిలేస్తే ఆ సాఫ్ట్‌వేర్ రాత్రి పన్నెండు అనుకుంటుంది. అంటే 16 మొదలయ్యే క్షణానికే ఆఫరు క్లోజ్ అయిపోయింది. నాకది తెలిసింది పొద్దున పదిన్నరకి. చీమకుర్తి నుంచి వచ్చిన ఒక పెద్దాయన మనవళ్ళకి నాలుగు జతలు తీసుకున్నాడు. బిల్లు దూరంగా పెట్టి చూసి, దగ్గరగా పెట్టి చూసి, ‘ఏందబ్బాయా, బోర్డు మీద ఒకటి, కాయితం మీద ఒకటా?’ అన్నాడు. ఆయన వెనక పదిహేను మంది. కౌంటర్ కుర్రాళ్ళు మేనేజర్ పాస్‌వర్డ్‌ కొట్టి ఒక్కో బిల్లులో చేత్తో తగ్గించడం మొదలుపెట్టారు. ఆ పాస్‌వర్డ్ రాసిన చీటీ కీబోర్డు కిందే ఉండేది, స్వీపర్‌తో సహా అందరికీ తెలుసు. మధ్యాహ్నానికి ఆఫరు మళ్ళీ తెరిచాం. కానీ అప్పటిదాకా చేత్తో తగ్గించినవాటిలో ఏది ఆఫరు ప్రకారం ఇచ్చింది, ఏది తెలిసినవాళ్ళకి కాస్త ఎక్కువ ఇచ్చింది, రాత్రి రిపోర్టు తీస్తే తేలలేదు. ఓనరు నన్ను తిట్టలేదు. ‘ఎంత పోయిందో చెప్పు చాలు’ అన్నాడు. చెప్పలేకపోయాను. తిట్టినా బాగుండు అనిపించింది.

అందుకే మీ అమ్మాయికి మొదటి రోజే చెప్పండి: ఆఫరు మొదలయ్యే రోజు షట్టర్ ఎత్తకముందే ప్రతి కౌంటర్లో ఒక టెస్ట్ బిల్లు కొట్టి చూసుకోవాలి. ఒక్క కౌంటర్లో చూస్తే చాలదు. నెట్ పోయినా బిల్లింగ్ ఆగకుండా చాలా షాపుల్లో ప్రతి కౌంటర్ కంప్యూటర్‌లోనూ ధరల, ఆఫర్ల కాపీ ఒకటి ఉంటుంది. రాత్రి ఆ కంప్యూటర్ని ఆపేసి వెళ్తేనో, కరెంటు పోతేనో ఆ కాపీ సింక్ అవదు, అంటే కొత్త ఆఫరు దాంట్లోకి చేరదు. మూడు కౌంటర్లలో ఆఫరు వస్తుంది, నాలుగోదాంట్లో రాదు. ఆ సంగతి మీ అమ్మాయి కంటే ముందు కస్టమర్లకి తెలియకూడదు. ముగిసే రోజు రాత్రి కూడా ఇదే పని తిరగేసి చేయాలి.

లెక్కలు ఇష్టమున్న పిల్ల అయితే దీంట్లో ఇంకా మంచి విషయం ఒకటుంది, టాక్స్. 2025 సెప్టెంబర్ 22 నుంచి రెడీమేడ్ బట్టల మీద జీఎస్టీ ఒక్కో పీసు 2,500 దాకా అయితే 5 శాతం, దాటితే 18 శాతం. ఇక్కడ చూసేది టాగ్ మీద ధర కాదు, పన్ను కలపకముందు అమ్మిన ధర. ఒక చుడీదార్ సెట్టు టాగ్ మీద పన్నుతో కలిపి 2,999 ఉందనుకోండి, అది 18 శాతం కిందికి వస్తుంది. ఇరవై శాతం ఆఫరు పెట్టగానే 2,399 అవుతుంది, 5 శాతంలోకి దిగుతుంది. పన్ను సుమారు 114 రూపాయలు. ప్రతి సరుకు వివరాలూ ఉండే ఐటమ్ మాస్టర్‌లో 18 అని బిగించేసి ఉంటే మాత్రం సిస్టమ్ 366 లెక్కేస్తుంది. కస్టమరు ఇచ్చేది ఎలాగూ 2,399 కాబట్టి వాళ్ళకి తేడా తెలీదు, ఓనరు జేబులోంచి ఒక్కో సెట్టుకి 252 రూపాయలు ఊరికే పోతాయి. ఇంకోటి, అమ్మేటప్పుడు ఇచ్చిన తగ్గింపు బిల్లు మీద రాసి ఉంటేనే పన్ను లెక్కలోంచి దాన్ని తీసేయడానికి చట్టం ఒప్పుకుంటుంది. బిల్లు కట్టాక ‘పోనీ వంద ఇచ్చేయ్’ అని చేతిలో పెడితే అది లెక్కలోకి రాదు. బీకాంలో జీఎస్టీ చదివిన పిల్ల ఇది పట్టుకుని ఓనరుకి చూపించగలిగితే, ఆమెని బిల్లింగ్ అమ్మాయి అని ఇంకెవరూ పిలవరు.

‘రెండు కొంటే ఒకటి ఉచితం’ ఆఫర్లలో కస్టమర్లు వెనక్కి తెచ్చేవి పెద్ద తలనొప్పి. మూడు చొక్కాలు, ఒక్కోటి 900. బిల్లు 1,800. మంచి సాఫ్ట్‌వేర్ అయితే మూడింటికీ పంచి ఒక్కోటి 600 అని చూపిస్తుంది. కొన్ని మాత్రం రెండు 900, ఒకటి సున్నా అని వేస్తాయి. ఆఫరు క్లోజ్ అయిన నాలుగో రోజు కస్టమరు ఒక చొక్కా వెనక్కి తెస్తే ఎంత ఇవ్వాలి? 600 ఇస్తే రెండు చొక్కాలు 1,200కే ఇచ్చినట్టు. 900 ఇస్తే మరీ దారుణం. ఏమీ ఇవ్వనంటే గొడవ. దీనికి ఒకటే సరైన సమాధానం లేదు, షాపు ముందే ఒకటి నిర్ణయించి బిల్లు కింద అచ్చేయించాలి. ఆఫరు డ్రాఫ్ట్‌లో ఉన్నప్పుడే ‘రిటర్న్ వస్తే ఏం చేద్దాం సార్’ అని అడిగే అలవాటు చేసుకోమనండి. మొదట్లో చిరాకు పడతారు, తర్వాత వాళ్ళే పిలిచి అడుగుతారు.

యాక్టివ్‌లో ఉన్న ఆఫరుని దిద్దకూడదు. ఇరవై శాతాన్ని పాతిక చేయమంటే, పాతది ఆపి కొత్తది తెరవాలి. దాంట్లోనే మార్చేస్తే పొద్దున కొట్టిన బిల్లులూ సాయంత్రం బిల్లులూ ఒకే పేరు మీద కలిసిపోతాయి.

క్లోజ్ చేశాక లెక్క తీయాలి. మనవాళ్ళు తప్పు చేసేది ఇక్కడే. పోయినేడు ఇదే తేదీల్లో ఎంత అమ్మాం అని చూస్తారు. మన పండగలు తేదీల్ని పట్టించుకోవు కదా. 2025లో ఆషాఢం జూన్ 26న మొదలైంది. 2026లో అధిక జ్యేష్ఠం వచ్చి పడటంతో ఆషాఢం జూలై 15కి జరిగింది. జూన్ ఆఖరుని జూన్ ఆఖరుతో పోలిస్తే ఒక పక్క ఆషాఢం, ఇంకో పక్క పెళ్ళిళ్ళ రోజులు! నెల్లూరు రొట్టెల పండగ ఇంకా వేరే కథ. మొహర్రంతో పాటు వస్తుంది కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది, ఆ రోజుల్లో స్వర్ణాల చెరువు గట్టు దగ్గర్నుంచి ఊరంతా జనమే. పండగని పండగతో పోల్చాలి, తేదీని తేదీతో కాదు. ఇది సాఫ్ట్‌వేర్ చెప్పదు, పంచాంగం తిరగేసే ఇంట్లో పెరిగిన పిల్లకి తెలుసు. అమ్మకం పెరిగిందా అన్నదొక్కటే కాకుండా, తగ్గింపు పోను మిగిలిందెంత అన్నది కూడా తీసి పెట్టమనండి.

ఎస్ఎంఎస్‌ల సంగతి క్లుప్తంగా. ప్రచార మెసేజ్ పంపాలంటే పంపేవాళ్ళ పేరు, మెసేజ్ నమూనా రెండూ టెలికాం కంపెనీలు నడిపే డీఎల్‌టీ అనే రిజిస్ట్రేషన్ వ్యవస్థలో ముందే రిజిస్టర్ అయి ఉండాలి. రేపు ఆఫరు, ఈ రాత్రి మెసేజ్ రాద్దామంటే కుదరదు. బిల్లు కోసం అడిగిన ఫోన్ నంబర్లని ఇష్టమొచ్చినట్టు వాడటం కూడా ఇకమీదట కుదరదు, 2023లో వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది.

నేర్చుకోవడానికి వేలు పోసి కోర్సులో చేర్చకండి. ‘డిజిటల్ మార్కెటింగ్’ అని బోర్డు కట్టినచోట ఇది చెప్పరు, అక్కడ చెప్పేది ఫేస్‌బుక్, గూగుల్ ప్రకటనలు. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంటే ఈఆర్‌పీనెక్స్ట్ అని మన దేశంలోనే తయారైన ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దాంట్లో కౌంటర్ బిల్లులు కొట్టే పాయింట్ ఆఫ్ సేల్ ఉంది, ప్రైసింగ్ రూల్ అని ఆఫర్లు పెట్టుకునేది ఉంది. పదిహేను ఐటమ్‌లు వేసుకుని, ఒకే చొక్కాకి పది శాతం ఒకటి, పండగ పదిహేను శాతం ఒకటి, రెండు రూల్స్ పెట్టి బిల్లు కొట్టి చూడమనండి. ఏది ముందో చెప్పకపోతే అది ఎర్రర్ చూపిస్తుంది, ప్రయారిటీ ఇవ్వమంటుంది. షాపులో వాడే సాఫ్ట్‌వేర్ అలా చెప్పకపోవచ్చు, రెండూ కలిపి ఇచ్చేయొచ్చు. ఆ తేడా చేత్తో చేసి చూస్తేనే బుర్రకెక్కుతుంది. దాంతోపాటు ఎక్సెల్‌లో వీలుకప్, పివట్ టేబుల్ రావాలి. వేలాది ఐటమ్ కోడ్లలోంచి పాత స్టాకుని విడదీయాలంటే వేళ్ళతో లెక్కపెట్టలేరు.

ఈ పనికి భవిష్యత్తు ఉందా అన్న అనుమానం మీకు రావచ్చు. రెండు మూడేళ్ళు ఈ పని నికరంగా చేసినవాళ్ళకి, ధరలూ స్టాకూ చూసే మర్చండైజింగ్ వైపు ఒక దారి ఉంది, లాయల్టీ కార్డులు, కస్టమర్ల డేటా చూసే వైపు ఒకటి ఉంది. నాకు ఎక్కువ నచ్చేది మూడోది. ఇలాంటి సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలు కొత్త షాపుల్లో దాన్ని పెట్టి, నడిపించి, నేర్పించడానికి మనుషుల్ని తీసుకుంటాయి. కోడింగ్ రాకపోయినా, కౌంటర్లో నిలబడి ఉన్నవాళ్ళు కావాలి వాళ్ళకి. చెన్నై మనకి ఎంత దూరం? అక్కడ అలాంటి కంపెనీలు ఉన్నాయి. తెలుగు, కాస్త తమిళం, షాపు భాష వచ్చిన అమ్మాయికి అది చిన్న విషయం కాదు. తర్వాత కావాలంటే ఇగ్నోలో దూరవిద్యగా మార్కెటింగ్ ఎంబీఏ చేసుకోవచ్చు. ఇప్పుడే వద్దు, పని చేశాక చదివితే ఆ పాఠాలు వేరేగా కనిపిస్తాయి.

ఇక మేనేజర్ని అడగాల్సినవి. ఆమెకి సొంత లాగిన్ ఇస్తారా, లేక అందరూ వాడే పాస్‌వర్డ్‌తోనే చేయాలా? ఆఫరు రాసేది ఆమె అయితే, అప్రూవ్ చేసేది వేరే మనిషేనా? రెండూ ఆమే చేయాలంటే ఒప్పుకోవద్దనండి, లేదా కనీసం ఓనరు వాట్సాప్‌లో ‘ఓకే’ అని పెట్టాకే బటన్ నొక్కుతానని చెప్పమనండి. ఆఫరు తప్పుపడి నష్టం వస్తే జీతంలో కోస్తారా? ఇది మొహమాటపడకుండా అడగాలి, కొన్నిచోట్ల నిజంగానే కోస్తారు. కౌంటర్లో మనిషి తక్కువైనప్పుడల్లా మళ్ళీ బిల్లింగ్‌లో కూర్చోబెడతారా? అప్పుడప్పుడు కూర్చోవడం మంచిదే, అది చేతికి మరపు రానివ్వదు. కానీ రోజూ అదే అయితే రెండు వేలు ఎక్కువిచ్చి రెండు ఉద్యోగాలు చేయించుకుంటున్నట్టు. హోదా పేరు, మారిన తేదీ ఒక లెటర్ మీద రాయించుకోమనండి. రేపు ఇంకోచోట అనుభవం చూపించాలంటే ఆ కాయితమే పనికొస్తుంది.

ఒక్క విషయం మాత్రం మీరే చూడాలి. ఆఫరు మొదలయ్యే రోజు పొద్దున షట్టర్ కంటే ముందు ఉండాలి, ముగిసే రోజు రాత్రి చివరి బిల్లు పడ్డాక గానీ కదలడానికి లేదు. దసరా, దీపావళి, సంక్రాంతి, రంజాన్ ముందు రోజుల్లో కావలి రైలు దొరకదు. ఆ రోజులకి నెల్లూరులో చుట్టాలిల్లో, మంచి లేడీస్ హాస్టలో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. దసరా ముందు వెతికితే గదులు ఉండవు.