'ఇంక నాకేముంది' అంటున్న నాన్న

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. పదేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. నిరుడు అమ్మ పోయింది. రెండు నెలలుగా 'ఇంక నాకేముంది' అన్నదే మాట. తిండి తగ్గింది. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటున్నారు. మొన్న నన్ను పిలిచి ఎల్‌ఐసీ బాండ్లు, పాస్‌బుక్కులు ఎక్కడున్నాయో చూపించారు. తిరుపతి తీసుకెళ్తే కుదుటపడతారని బంధువులంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: మీరు రాసినవాటిలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది పాస్‌బుక్కుల సంగతి. పెద్దవాళ్లు లెక్కలు అప్పజెప్పడం మామూలే. కానీ తిండీ నిద్రా తగ్గిన మనిషి 'ఇంక నాకేముంది' అంటూ ఆ పని చేస్తే తేలిగ్గా తీసుకోకూడదు.

భార్య పోయిన దుఃఖంలో ఏడుపు వస్తుంది, మనవడు ఒళ్లో కూర్చుంటే కాసేపు నవ్వూ వస్తుంది. నిస్పృహలో రేపటి ఊసే ఉండదు. సంక్రాంతికి ఏం చేద్దామని అడిగితే గోడకేసి చూస్తూ ఊరుకుంటారు. అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ బృందం దీన్ని కొలవడానికి 1974లోనే 20 వాక్యాల పట్టిక తయారుచేసింది. ఆత్మహత్య ముప్పును పసిగట్టడంలో ఉత్త దిగులు కన్నా ఈ నిరాశే పెద్ద గుర్తని వాళ్ల పరిశోధనల్లో తేలింది.

అందుకే ఈ రోజే పక్కన కూర్చుని 'నాన్నా, చచ్చిపోవాలనిపిస్తోందా?' అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. 'మేం లేమా, ధైర్యంగా ఉండు' అని మధ్యలో అందుకోకుండా చివరిదాకా వినండి. అవునంటే ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో మందులు, పురుగుమందులు తాళం వేసి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

లేదన్నా సరే, ఈ వారంలోనే సైకియాట్రిస్టుకు చూపించండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే ఒంట్లో విటమిన్ బి12 తగ్గొచ్చు. థైరాయిడ్ మందగించినా మనిషి ఇలాగే డీలాపడతారు. ఆ రెండు రక్తపరీక్షలూ చేయించండి. డిప్రెషన్ మందుల గుణం కనిపించడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈలోగా 'వీటివల్ల ఏం లాభం' అని మానేస్తానంటారు. మందు మీరే దగ్గరుండి ఇవ్వండి.

తిరుపతికి నాకేం అభ్యంతరం లేదు, ఆయనకు వెళ్లాలనిపిస్తే. కానీ డాక్టరు దగ్గరికి వెళ్లాకే. వెళ్లేటప్పుడు షుగర్ మందుల చీటీ మర్చిపోకండి.