ఏడో తరగతి పాపకు ఆలస్యమేమీ కాలేదు

ప్రశ్న: మాది హనుమకొండ. పాప ఏడో తరగతి. హైదరాబాద్‌లో మా బావమరిది కొడుకు ఇదే వయసులో పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని యాప్ తయారుచేశాడు. ఒక ఆన్‌లైన్ సంస్థ వాళ్లు ఫోను చేసి, ఇప్పటికే ఆలస్యమైంది, ఏడాది కోర్సులో చేర్పించండి అంటున్నారు. మా అపార్ట్‌మెంట్‌లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పది మంది పిల్లలున్నారు. దసరా సెలవుల్లో ఒక బీటెక్ అబ్బాయితో చిన్న కోర్సు పెట్టిద్దామనీ అనుకుంటున్నాం. స్క్రాచ్ మంచిదా, పైథాన్ మంచిదా? కోడింగ్‌కు సమయం దొరకాలని పాపను డ్రాయింగ్ క్లాసు మాన్పించాను. ఇదంతా రేపు కంప్యూటర్ సైన్స్ సీటుకు పనికొస్తుందా?

జవాబు: మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మీకు నిద్ర పట్టనివ్వనిది అదేనని నాకు తెలుసు. సీటుకు పనికిరాదండీ. జేఈఈలో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు అడుగుతారు. మన ఇంటర్మీడియట్ ఎంపీసీలో ప్రోగ్రామింగ్ లేదు. బీటెక్ మొదటి సంవత్సరంలో దాన్ని ఓనమాల నుంచే చెబుతారు, ముందే వచ్చి ఉండాలన్న షరతు ఎక్కడా లేదు. కాబట్టి ఆలస్యమైందన్న మాటను ఈ క్షణమే మనసులోంచి తీసేయండి. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో కోడింగ్‌తో కూడిన కృత్యాలు ఉండాలని మాత్రమే చెప్పింది. కృత్యం అంటే పిల్లలు చేతులతో చేసి చూసే పని. దాన్ని పట్టుకుని మిమ్మల్ని భయపెడుతున్నవాళ్లు కోర్సు అమ్ముకోవడానికి భయపెడుతున్నారు.

పన్నెండేళ్ల పిల్లలకు ఏడాది పొడవునా పైథాన్, దానిపైన ఏఐ, చివర ఒక సర్టిఫికెట్. ఈ దారి మీద నాకు నమ్మకం లేదు. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు నాలుగు సర్టిఫికెట్లు పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. తాను చేసిన ఆటలో బంతి వేగం సగానికి తగ్గించమన్నాను. ఎక్కడ మార్చాలో తెలియలేదు. టీచర్ చూపించింది చూసి టైపు చేశాడు, అంతే. తప్పు వాడిది కాదు. వాడి కళ్లలో నీళ్లు తిరిగినప్పుడు, పక్కన కూర్చున్న వాళ్ల నాన్న ఫీజు ఎంత కట్టారో నాకు లెక్క చెబుతున్నారు. మీ బావమరిది కొడుకు సంగతి నాకు తెలియదు. వాడికి నిజంగా ఇష్టమై చేసి ఉంటే సంతోషమే. కానీ వాడి యాప్ మీ పాపకు కొలబద్ద ఎలా అవుతుంది?

కోపగించుకోకండి, ఒక మాట అడుగుతాను. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బావమరిది కొడుకు ఉన్నాడు, ఆన్‌లైన్ సంస్థ ఉంది, సీటు ఉంది. పాపకు ఏది ఇష్టమో ఒక్క వాక్యం లేదు. ఆమె గురించి మీరు రాసింది డ్రాయింగ్ మాన్పించారన్నది ఒక్కటే. అలా ఎందుకు చేశారండీ? ఈ వయసులో ప్రోగ్రామింగ్‌కు కావలసిన ఓపిక, ఆకారాన్ని మనసులో విడదీసి చూసే చూపు, తప్పు గీతను చెరిపి మళ్లీ గీసే అలవాటు ఆ క్లాసులోనే వస్తున్నాయి.

అపార్ట్‌మెంట్‌లో పెట్టాలనుకున్న చిన్న కోర్సు మాత్రం చక్కటి ఆలోచన. ఎనిమిది రోజులు, ఉదయం గంటన్నర చొప్పున చాలు. సాయంత్రాలు బతుకమ్మకు వదిలేయండి. మొదటి రోజు కంప్యూటర్ తెరవవద్దు. నేల మీద సుద్దముక్కతో చుక్క పెట్టి, ఒకరిని రోబోగా నిలబెట్టి, మిగిలినవాళ్లు మాటలతో నడిపించాలి. నాలుగు అడుగులు ముందుకు, కుడికి తొంభై డిగ్రీలు తిరుగు, ఇలా నాలుగుసార్లు. చతురస్రం వస్తుంది. తర్వాత సమబాహు త్రిభుజం గీయమనండి. కోణం అరవై డిగ్రీలని బడిలో చదువుకున్నారు కదా, అందరూ అరవై తిరగమంటారు. మూడు భుజాలు నడిచేసరికి షడ్భుజిలో సగం తయారవుతుంది, బయలుదేరిన చోటికి రారు. అక్కడ ఎవ్వరూ జవాబు చెప్పవద్దు. నడిచేవాళ్లు మూలలో తిరిగేది బాహ్యకోణం, అంటే నూట ఇరవై డిగ్రీలు. పిల్లలే కనిపెట్టనివ్వండి, అరగంట పట్టినా సరే.

రెండో రోజు అదే పని స్క్రాచ్‌లో. ఇందులో ఆదేశాలను టైపు చేయనక్కర్లేదు, రంగుల దిమ్మెల్లా మౌస్‌తో ఒకదానికొకటి అతికిస్తే చాలు. ఎంఐటీ మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం, నెట్ లేకపోయినా పనిచేసే రూపం కూడా ఉంది. ఇద్దరికి ఒక లాప్‌టాప్, పావుగంటకొకసారి మౌస్ చేతులు మారాలి. ఫోను తెర దీనికి సరిపోదు. బీటెక్ అబ్బాయికి ముందే చెప్పండి, పిల్లల మౌస్ తాను ముట్టుకోకూడదని. బాగా చదువుకున్నవాళ్లు పిల్లలకు చెప్పేటప్పుడు ఆగలేక తామే సరిచేసేస్తారు.

చివరి మూడు రోజులకు బతుకమ్మను పెట్టుకోండి. పైనుంచి చూస్తే బతుకమ్మ ఒకదానిలో ఒకటి ఇమిడిన పూల వలయాలే కదా. స్క్రాచ్ తెర మధ్య నుంచి 150 అడుగులు ముందుకు వెళ్లి, పువ్వు ముద్ర వేసి, వెనక్కి వచ్చి, 15 డిగ్రీలు తిరగాలి. ఇది 24 సార్లు చేస్తే ఒక వరుస. అదే లూప్. తర్వాతి వరుసకు 150 కాస్తా 120 కావాలి, ఆపైన 90. అలా మారే సంఖ్యకు ఒక పేరు పెట్టుకుంటే అదే వేరియబుల్. లోపలి వరుసలకు వచ్చేసరికి పూలు ఒకదానిమీద ఒకటి పడతాయి, అక్కడ ఎన్ని తగ్గించాలో పిల్లలు వాదించుకుంటారు. ఆ వాదన కోసమే ఈ కోర్సు. తంగేడు, గునుగు, బంతి పూల బొమ్మలు ఎవరివి వాళ్లే గీసుకోవాలి. మీ పాప పువ్వు ఎలా ఉంటుందో చూడండి.

పైథాన్ సంగతి కొంచెమే చెబుతాను. మంచి భాషే. కానీ టైపింగ్ కుదరని పిల్లలు కోలన్ మరచి, ఖాళీలు తప్పి, ఆలోచన కంటే అక్షరాలతో ఎక్కువ కుస్తీ పడతారు. ఎనిమిదో తరగతి వాళ్లకు ఆసక్తి ఉంటే అదే వలయాన్ని పైథాన్‌లో బొమ్మలు గీసే టర్టిల్ అనే సాధనంతో గీయించండి. మిగిలినవాళ్లకు తొందరలేదు.

ఇప్పుడు ప్రోగ్రాములు ఏఐ రాసేస్తోంది, ఇదంతా దేనికని మీ అపార్ట్‌మెంట్‌లో ఎవరో అడుగుతారు. త్రిభుజం ఎందుకు మూసుకోలేదో చూసి చెప్పగలిగిన పిల్ల, ఏఐ ఇచ్చిన దానిలోనూ తప్పు పట్టుకోగలదు. మీ పాప బీటెక్ పూర్తి చేసేసరికి ఇంకా తొమ్మిదేళ్లకు పైనే ఉంది. అప్పటికి ఏ ఉద్యోగాలు ఉంటాయో నేను చెప్పలేను, మీకు ఫోను చేసిన వాళ్లూ చెప్పలేరు.

చివరి రోజు పెద్దలందరూ వచ్చి చూడండి. మీ పాప తన బతుకమ్మను చూపిస్తున్నప్పుడు పక్కింటి అబ్బాయిది ఎలా ఉందని అడగకండి. ఆన్‌లైన్ సంస్థకు వద్దని చెప్పేయండి. డ్రాయింగ్ మాస్టారికి మాత్రం సెలవులదాకా ఆగకుండా ఈ సాయంత్రమే ఫోను చేయండి.