బయోస్ ఉందంటోంది, ఆట మాత్రం రావట్లేదు

ప్రశ్న: మా బావ ఎప్పుడో అమెరికా నుంచి తెచ్చిన ప్లేస్టేషన్ ఇంకా అటక మీదే ఉంది. లెన్స్ పోయింది గానీ సీడీలు బాగున్నాయి. వాటిని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి రెట్రోఆర్క్‌లో (పాత మిషన్ల ఆటల్ని కంప్యూటర్లో నడిపే ఎమ్యులేటర్లను ఒకచోట పెట్టే సాఫ్ట్‌వేర్) ఆడదామంటే బయోస్ (మిషన్ ఆన్ చేయగానే ముందుగా నడిచే ప్రోగ్రాం) లేదంది. ఊళ్లో ఒక షాపులో 300 రూపాయలు తీసుకుని పెన్‌డ్రైవులో ఒక ఫైల్ వేసిచ్చారు, 4 ఎంబీ ఉంది. మీరు ఇదివరకు రాసినట్టే పేరు ఎస్‌సీపీహెచ్5501.బిన్ అని మార్చి సిస్టమ్ ఫోల్డర్‌లో పెట్టా. ఇప్పుడు బయోస్ ఉన్నట్టే చూపిస్తోంది, ఆట మొదలుపెడితే మాత్రం నల్ల తెర. ఏందిది?
- ఒక పాఠకుడు, కావలి

జవాబు: 4 ఎంబీ అన్న దగ్గరే నాకు సంగతి అర్థమైపోయింది. షాపులో మీకు అంటగట్టింది చాలావరకు ప్లేస్టేషన్ 2 బయోస్ అయ్యుంటుంది, దాని సైజు అంతే. మీకు కావాల్సిన మొదటి ప్లేస్టేషన్ బయోస్ 512 కేబీ. ప్రాపర్టీస్ తెరిచి చూస్తే 5,24,288 బైట్లు ఉండాలి, ఒక్క బైటు అటూ ఇటూ అయినా అది పనికిరాదు.

మరి ఉందని ఎందుకు చూపిస్తోందంటారా? మొలగొలుకులు అని రాసున్న గోతాంలో దొడ్డు బియ్యం పోసి కుట్టేస్తే పైనుంచి చూసేవాడికి ఏం తెలుస్తుంది చెప్పండి. రెట్రోఆర్క్ కోర్ ఇన్ఫర్మేషన్‌లో (కోర్ అంటే అందులో వేసుకునే ఒక్కో ఎమ్యులేటర్) కనపడే జాబితా కూడా ఆ పేరుతో ఫైల్ ఉందా లేదా అన్నంతవరకే చూస్తుంది, మూట విప్పదు. విప్పాల్సింది మనమే. సైజు సరిపోయాక ఎండీ5 చెక్‌సమ్, అంటే ఫైల్ లోపలి సరుకును బట్టి వచ్చే వేలిముద్ర లాంటి నంబరు చూడండి. విండోస్‌లో సర్ట్‌యుటిల్ అనే కమాండుతో వచ్చేస్తుంది, వేరే సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు. అమెరికా బయోస్ 5501కి అది 490ఎఫ్666ఈ అని మొదలవుతుంది. అట్టా మొదలవకపోతే పేరు ఏం పెట్టినా అది 5501 కాదు.

మీ సీడీలు అమెరికావి కాబట్టి 5501. జపాన్ డిస్కులకు 5500, యూరప్ వాటికి 5502. పేరులో అక్షరాలన్నీ చిన్నవే ఉండాలి, లినక్స్ వేసిన మిషన్ అయితే ఒక్క పెద్ద అక్షరం పడినా ఫైల్ లేదనే అంటుంది. ఇంకో చిన్న గోల, విండోస్ ఫైల్ పేరు చివర ఉండే తోకను దాచేస్తుంది, దానికి మనం మళ్లీ .బిన్ అని తగిలిస్తే అది .బిన్.బిన్ అయి కూర్చుంటుంది. నవ్వకండి, నేనే ఒక ఆదివారం పొద్దున కూర్చుని మధ్యాహ్నం అన్నం చల్లారిందాకా ఇదే కనుక్కోలేక తల పట్టుకున్నా. మీకు బయోస్ ఉందనే చూపిస్తోంది కాబట్టి ఆ టెన్షన్ లేదు.

ఇక ఆ 300 సంగతి. ఎమ్యులేటర్ వాడటం తప్పు కాదు. బయోస్ మాత్రం సోనీ రాసుకున్న కోడ్, దాని మీద హక్కు వాళ్లది. ప్లేస్టేషన్ ఎమ్యులేటర్ అమ్మిన కనెక్టిక్స్ అనే కంపెనీ మీద సోనీ వేసిన కేసులో 2000లో అమెరికా అప్పీల్ కోర్టు కనెక్టిక్స్ వైపే చెప్పింది, కాకపోతే వాళ్లు అమ్మిన సరుకులో సోనీ కోడ్ లేదు, బయోస్‌ను చదివి తమది తాము రాసుకున్నారు. ఎమ్యులేటర్లు ఉత్త చేతులతో వచ్చి బయోస్ మీరే తెచ్చుకోండి అనేది అందుకే. మీ దగ్గర అసలు మిషనే ఉంది కదా, దాన్నుంచే తీసుకోండి. లెన్స్ పోయినా పర్లేదు, ఫ్రీపీఎస్ఎక్స్‌బూట్ అని మెమరీ కార్డు నుంచే బూటయ్యే పద్ధతి ఒకటుంది. సీరియల్ కేబుల్, కొంచెం ఓపిక కావాలి. అట్టా తీసిన బయోస్ వేరే మోడల్‌ది అయితే డక్‌స్టేషన్ అనే ఎమ్యులేటర్‌లో పెట్టండి, అది పేరును పట్టించుకోదు, లోపలి హ్యాష్ (ఇందాకటి వేలిముద్రే) చూసి గుర్తుపడుతుంది.

అంత కష్టం నా వల్ల కాదు అంటారా, పీసీఎస్ఎక్స్ రీఆర్మ్డ్ అనే కోర్ దించుకోండి. బయోస్ పని చాలావరకు సొంతంగానే చేసుకుంటుంది. కొన్ని ఆటలు మొరాయిస్తాయి. నేనైతే ఈ రాత్రికి ముందు ఇదే చేసి చూస్తా, అటక సంగతి ఆదివారం.

ప్రశ్న: చిన్నప్పుడు ఒంగోల్లో గంటకు ఇంతని కట్టి ఆడిన కార్ట్రిడ్జి వీడియో గేములకు కూడా బయోస్ వెతుక్కోవాలా?
- ఇంకో పాఠకుడు, ఒంగోలు

జవాబు: అక్కర్లేదు. ఆ మిషన్లలో బయోసే లేదు, కార్ట్రిడ్జి గుచ్చగానే ప్రాసెసర్ నేరుగా ఆటనే చదివేది. గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కు 16 కేబీది ఒకటుంది గానీ ఎంజీబీఏ అనే ఎమ్యులేటర్ అది లేకుండానే నడిపిస్తుంది. మీ 9999 ఆటల కార్ట్రిడ్జిలో తిరగేసి మరగేసి వచ్చే ఆ నాలుగు ఆటలకైతే ఏమీ వద్దు.