పెళ్లిళ్ల ఎడిటింగ్‌కు చిన్న ల్యాప్‌టాప్ కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ముహూర్తం అయిన రాత్రే కూర్చుని, మరునాటి రిసెప్షన్‌లో తెర మీద వేయడానికి మూడు నిమిషాల టీజర్ సిద్ధం చేయాలంటే ఏ చిన్న ల్యాప్‌టాప్ కొనాలని అడిగావు. లక్ష రూపాయలు నీకు చిన్న మొత్తం కాదు కనుక, ఇన్నేళ్లుగా పెళ్లి వీడియోలు చేస్తూ నేను తెలుసుకున్నది కొంచెం వివరంగా రాస్తున్నాను.

ల్యాప్‌టాప్ కంటే ముందు నీ కెమెరాను చూడు. అది 4కె వీడియోను హెచ్.265లో, 10 బిట్ 4:2:2గా (అంటే రంగుల వివరాలు ఎక్కువగా ఉండే రకంలో) రికార్డు చేస్తుందని చెప్పావు. ఫైలు చిన్నదిగా ఉండేందుకు బొమ్మను గట్టిగా కుదించి దాచే పద్ధతి ఇది. కాబట్టి టైమ్‌లైన్‌లో (ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పులను వరుసగా పేర్చే పట్టీలో) ప్లే చేసినంత సేపూ ల్యాప్‌టాప్ దాన్ని విప్పుతూనే ఉండాలి. ఆ పనికోసం చిప్‌లో ప్రత్యేకమైన భాగం ఉంటే పని ఆగకుండా సాగుతుంది, లేకపోతే ఖరీదైన యంత్రమైనా మొరాయించవచ్చు. ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో 11వ తరం నుంచి, యాపిల్‌లో ఎం1 నుంచి ఆ సౌకర్యం ఉంది. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డులకైతే అది 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 వరుసతోనే వచ్చింది.

ఈ సంగతి తెలియక నేను ఒకసారి దెబ్బతిన్నాను. పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉందన్న ధైర్యంతో, చార్జర్‌తో కలిపి మూడు కిలోలు తూగే ల్యాప్‌టాప్ కొని అన్నవరం కొండ మీద పెళ్లికి మోసుకెళ్లాను. జీలకర్ర బెల్లం ఘట్టాన్ని టైమ్‌లైన్‌లో పెడితే, వధూవరుల చేతులు పైకి లేస్తుండగానే బొమ్మ నిలిచిపోయేది. మళ్లీ కదిలేసరికి అక్షింతల వాన ముగిసిపోయేది. ఎక్కడ కట్ చేయాలో కంటికి కనపడనప్పుడు ఎడిటింగ్ ఎలా సాగుతుంది? తెల్లవార్లూ కూర్చున్నా టీజర్ పూర్తి కాలేదు. ఆ సాయంత్రమంతా రిసెప్షన్ తెర మీద వధూవరుల పేర్లు మాత్రమే ఉండిపోయాయి.

ర్యామ్ 16 జీబీకి తగ్గకూడదు. సన్నని ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు కనుక, తరువాత పెంచుకుందామన్న ఆలోచన పెట్టుకోవద్దు. స్టోరేజీ సంగతి అలా కాదు. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే గంటకు 45 జీబీ అవుతుంది; రెండు కెమెరాలు ఆరు గంటలు తిరిగితే 540 జీబీ. 1 టీబీ (1000 జీబీ) డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్ కొన్నా రెండు పెళ్లిళ్లకు నిండిపోతుంది. అందువల్ల లోపల 512 జీబీతో సరిపెట్టుకుని, మిగిలిన డబ్బుతో బయట పెట్టుకునే ఎస్‌ఎస్‌డీలు రెండు కొను. కార్డులోని ఫుటేజ్ ఆ రెండింటిలోకీ చేరిందని నీ కళ్లతో చూసుకోకుండా కార్డును ఎప్పుడూ ఫార్మాట్ చేయకు.

తెర విషయంలో మాత్రం రాజీ పడవద్దు. చవక ల్యాప్‌టాప్‌ల వివరాల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత) అని రాసి ఉంటే దాన్ని వదిలెయ్యి. అటువంటి తెర మీద కుంకుమ ఎరుపు వెలిసినట్టు, పసుపు బట్టల రంగు పాలిపోయినట్టు కనిపిస్తుంది. నువ్వేమో రంగు చాలలేదనుకుని పెంచుతావు. అదే వీడియోను వాళ్లు ఇంట్లో మంచి టీవీలో చూస్తే పెళ్లికూతురి పట్టుచీర మీద మడతలు కూడా కనపడకుండా ఎరుపు ముద్దగా అంటుకుపోతుంది. ఎస్‌ఆర్‌జీబీ (తెరలకు ప్రామాణికంగా వాడే రంగుల పరిధి) 100 శాతం ఉన్న తెరనే తీసుకో.

ఇక నా అభిప్రాయం అడిగితే, నీ పనికి 13 అంగుళాల మ్యాక్‌బుక్ ఎయిర్ సరిపోతుంది. 2025లో వచ్చిన ఎం4 రకం 1.24 కిలోలే తూగుతుంది, కనీస ర్యామే 16 జీబీ. దానిలో ఫ్యాన్ లేదు కనుక చాలాసేపు ఎక్స్‌పోర్ట్ చేస్తే (ఎడిట్ చేసినదాన్ని ఒక్క వీడియో ఫైలుగా తయారు చేస్తే) వేడెక్కి వేగం తగ్గుతుంది. మూడు నిమిషాల టీజర్‌కు అది అడ్డు కాదు, మూడు గంటల పూర్తి వీడియోను ఇంటి దగ్గర డెస్క్‌టాప్‌లో చేసుకో. అయితే నువ్వు అలవాటైన ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎడియస్‌ను వదలనంటే అది విండోస్ మీదే నడుస్తుంది. అప్పుడు క్విక్ సింక్ (వీడియోను విప్పడానికి ఇంటెల్ చిప్‌లో ఉండే ప్రత్యేక భాగం) ఉన్న ఇంటెల్ ప్రాసెసర్‌తో, టైప్-సి ద్వారా చార్జ్ అయ్యే ల్యాప్‌టాప్ చూసుకో.

షాపుకు వెళ్లేటప్పుడు నీ సొంత ఫుటేజ్ ఉన్న ఎస్‌ఎస్‌డీ వెంట తీసుకెళ్లు. తలంబ్రాల షాట్లు ఐదు నిమిషాలవి నువ్వు వాడే సాఫ్ట్‌వేర్‌లోనే పెట్టి, చార్జర్ తీసేసి ప్లే చేయించు; బ్యాటరీ మీదికి రాగానే శక్తి తగ్గించుకునే ల్యాప్‌టాప్‌లు చాలా ఉన్నాయి, నీకేమో ఫంక్షన్ హాలులో ప్లగ్ పాయింట్ దొరుకుతుందన్న నమ్మకం లేదు. షాపువాళ్లు అందుకు ఒప్పుకోకపోతే ఇంకో షాపుకు వెళ్లు. డబ్బు కట్టే ముందు మోడల్ నంబరు చివరి అక్షరం దాకా నాకు పంపించు, ఎందుకంటే ఒకే పేరు కింద వేర్వేరు తెరలు, వేర్వేరు ర్యామ్ ఉన్నవి అమ్ముతుంటారు.

ఇట్లు,
మీ మామయ్య