గ్యాంగ్రీన్ వస్తే కాలు తీసేయాల్సిందేనా?

ప్రతిసారీ కాదు. రక్తం అందకో, ఇన్ఫెక్షన్ ముదిరో కణజాలం చచ్చిపోవడమే గ్యాంగ్రీన్. చచ్చిన భాగం మళ్లీ బతకదు. కానీ త్వరగా వెళ్లి, మూసుకుపోయిన రక్తనాళాన్ని స్టెంటుతో తెరిపించుకున్నా, బైపాస్‌తో రక్తానికి పక్కదారి వేయించుకున్నా ఒక్కోసారి వేలితో పోతుంది.

షుగర్ ఉన్నవాళ్లతో చిక్కేమిటంటే, పాదం మొద్దుబారి నొప్పే తెలియదు. బూటులో చిన్న రాయి రోజంతా ఒరుసుకున్నా పట్టదు. సాయంత్రం సాక్సుకు అంటిన మరక చూశాకే పుండు సంగతి బయటపడుతుంది. పొడి గ్యాంగ్రీన్‌లో వేలు నల్లబడి ఎండుపుల్లలా ముడుచుకుంటుంది. తడి రకంలో వాపు, చీము, దుర్వాసన. అది రక్తంలోకి పాకితే గంటల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. నల్లబడితే రేపు చూద్దాంలే అనుకోవద్దు.

కాలు తీసేశాక కూడా లేని వేళ్లు సలుపుతున్నాయని చాలామంది అంటారు. ఇంట్లోవాళ్లు భ్రమ అని కొట్టేస్తారు గానీ, అది నిజమైన నొప్పే, దానికీ వైద్యం ఉంది.