మంచు పడని చోట లెమూర్ సుప్తావస్థ

కోతులకు దూరపు చుట్టమైన లెమూర్ సుప్తావస్థలోకి, అంటే ఒంటి పనులన్నీ బాగా నెమ్మదించే నెలల తరబడి నిద్రలోకి, వెళ్తుందని మీ వ్యాసంలో రాసిన వాక్యాన్ని కొట్టేయకండి. మడగాస్కర్ వంటి వేడి ప్రాంతంలో లెమూర్‌కు సుప్తావస్థ ఎందుకని సంపాదకుడు అడిగారన్నారు కదా, కారణం చలి కాదు, కరవు. పశ్చిమాన వానల్లేని నెలల్లో పళ్లూ పురుగులూ నీళ్లూ దొరకవు. లావు తోక మరుగుజ్జు లెమూర్ ముందే తోకలో కొవ్వు నింపుకొని, చెట్టు తొర్రలో దాదాపు 7 నెలలు పడుకుంటుంది. 2004లో పరిశోధకులు వెల్లడించిన సంగతి మరీ అద్భుతం: తొర్ర గోడ పలుచనైతే దాని ఒంటి వేడి బయటి ఎండను బట్టి ఒక్క రోజులోనే 20 డిగ్రీల వరకు ఎక్కి దిగుతుంది. అలా రోజూ 30 డిగ్రీలు దాటితే మేలుకోనక్కరలేదు. తొర్ర చల్లగా ఉంటేనే మధ్యమధ్య లేచి ఒళ్లు వెచ్చబరచుకోవాలి. మీరు రాసిన ‘శీతాకాల నిద్ర’ను మాత్రం ‘సుప్తావస్థ’గా మార్చండి.